అడవికి వెళ్లే జీపుకి అక్షింతలు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి మా ముదీర్, అంటే మేనేజరు, రెండోది దిష్టి. గల్ఫ్‌లో, జెబెల్ అలీ రేవు దగ్గర ఒక గోదాములో కాగితాలు చూసే ఉద్యోగం, ఆరు నెలల ప్రొబేషన్‌లో ఐదు గడిచాయి. జాంబియాలో ఒక అభయారణ్యానికి, ఏనుగుల్ని కాపాడే గార్డుల కోసం, మా దగ్గర్నుంచి కొత్త జీపు ఓడెక్కాలి. అది సవ్యంగా వెళితేనే ఉద్యోగం ఖాయమని ముదీర్ చెప్పాడు. బండిలో మట్టి, ఆకు, గింజ ఏదీ ఉండకూడదన్న షరతును ఓడెక్కే ముందురోజు పొద్దున టైపు చేసింది కూడా నేనే. (టైపు చేశానన్నాను, చదివానని అనలేదు.)

మా సూపర్‌వైజరుది నిజామాబాద్, అందరికీ ఆయన 'అన్న'. కొత్త బండి పూజ లేకుండా గేటు దాటితే ఆయనకి అన్నం సయించదు. "సింహాల నడుమ తిరిగే బండి తమ్మీ, దిష్టి తియ్యకుంట ఎట్ల పంపుతం?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. చక్రాల కిందికి నిమ్మకాయలు నేనే తెచ్చాను. హారతి పళ్లెం పట్టుకున్నాను. అక్షింతలైతే ఇద్దరం పోటీపడి, పెళ్లికొడుకు మీద చల్లినట్టు చల్లాం.

మర్నాడు పొద్దున తనిఖీకి వచ్చిన ఆఫీసరు పసుపు బియ్యపు గింజ ఒకటి వేళ్లతో పైకెత్తి నా వైపు చూశాడు. దంచిన బియ్యం మొలకెత్తవని వాదించాను. ఆయన నా కాగితమే నాకు చూపించి, మూడింటికి మళ్లీ వస్తాననీ, ఒక్క గింజ కనబడినా ఓడెక్కనివ్వననీ చెప్పి వెళ్లిపోయాడు.

సీట్లు ఊడదీశాం. ఏరినకొద్దీ వస్తున్నాయి. నాకు ఒళ్లు మండిపోతుంటే అన్నేమో తాపీగా, "ఏసీల పడ్డయి నీయే తమ్మీ, నేను సీట్ల మీదనే ఏసిన" అన్నాడు. "మీరిక మాట్లాడకండన్నా, ఇక్కడ నా ఉద్యోగం పోతోంది" అని అరిచాను. అన్న కళ్లజోడు సవరించుకుని డాష్‌బోర్డు కింద దూరాడు.

అంతలో ముదీర్ వచ్చాడు. అన్న లేచి, తప్పంతా తన మీద వేసుకుంటూ, "పూజా మైనే కియా సాబ్, లడ్కే కో కుఛ్ మాలూమ్ నహీ" అన్నాడు. (ఆ ఏమీ తెలియని కుర్రాడు, నిన్నటి హారతి పళ్లేన్ని వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు.) అన్నకి వార్నింగ్ లెటరు వచ్చింది. మూడింటికి వచ్చిన ఆఫీసరుకి ఒక్క గింజా దొరకలేదు, జీపు ఓడెక్కింది. నా ఉద్యోగం నిలిచింది. నిజం మాత్రం నేను చెప్పలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

కొన్నేళ్లకు నేను కారు కొన్నాను. అప్పటికి నిజామాబాద్ చేరిపోయిన అన్నకి ఫోన్ చేసి, నిమ్మకాయలు సరే గానీ ఈసారి అక్షింతలు వద్దనుకుంటున్నానని చెప్పాను. "గట్లెట్ల తమ్మీ" అని ఊరుకున్నాడు. ఆయన అంతకన్నా ఏమీ అనలేదు కాబట్టే రెండు గుప్పిళ్లు చల్లాను. ఈ రోజుకీ ఏసీ వేస్తే లోపలెక్కడో ఒక గింజ గలగలమంటుంది. మెకానిక్కు తీసేస్తానన్నాడు, నేనే వద్దన్నాను.