ఎనిమిది నిమిషాల బేరం

కామారెడ్డి బజారులో బేరమాడి ఓడిపోని మనిషి ఎవరని అడిగితే ఈనాటికీ పాతవాళ్లు నా పేరే చెబుతారు. బట్ట మీదా బియ్యం మీదా ఎవరైనా బేరమాడతారు, నేను మాత్రం దారి మీద ఆడి, ఇరవై నిమిషాల దారిని పన్నెండు నిమిషాలకు దింపుకొచ్చాను. మా ఇంట్లో అంత చవక బేరం ఎవరూ చేయలేదు. మొన్న కోచింగుకని సైకిలు కొనుక్కున్న మనవరాలు, "తాతా, గిట్ల పోతే జల్ది పోవచ్చట" అంటూ ఫోను మ్యాపులో నీలిగీత చూపించేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎనభైలలో మా ఇల్లు ఊరి చివర, బట్టల దుకాణం బస్టాండు దగ్గర ఉండేవి. అప్పటికి బైపాసు లేదు కనుక, నాగపూరు నుంచి హైదరాబాదు పోయే లారీలన్నీ ఊరి నడుమ నుంచే పోయేవి. మా అన్న మాత్రం రైసుమిల్లు వెనుక నుంచి, గోడల పక్క గల్లీలు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేవాడు. పెద్ద రోడ్డు దాటవలసిన ఒక్క చోట, పెద్దవాళ్ల ముందు చెప్పులు విడిచినంత మర్యాదగా సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటేవాడు. వెనుక వస్తున్న నాకు తల కొట్టేసినట్టుండేది.

నా తొందర బోణీ కోసం. ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సు ఎనిమిదింటికి వచ్చేది, పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు ముందు తెరిచి ఉన్న దుకాణంలోనే కూర్చునేవారు. ఎదురు దుకాణం వాళ్లు మాకంటే అయిదు నిమిషాల ముందు తెరిచేవారు. కూర్చున్న గిరాకీ మాత్రం అన్న చేతిని చూస్తూ ఉండిపోయేది. మీటరుబద్దతో కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో ఒక్క లాగు లాగితే బట్ట పోగు తప్పకుండా చిరిగేది. ఆ చప్పుడుకే మాకు పేరు వచ్చిందేమో.

దసరా మరునాడు అన్నతో బేరం పెట్టాను.

"పొద్దుగాల పెద్ద రోడ్డున పది దినాలు పోయి చూద్దామన్నా. నచ్చకుంటే వాపస్."

"దారేమన్న చీరెనా తమ్మీ, నచ్చకుంటే వాపస్ ఇయ్యనీకి?"

నాలుగు రోజులు సతాయిస్తే ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. నేను మట్టివైపు నడపాలి, లారీల వైపు తాను నడుపుతాడు. జన్మలో ఎదుటివాడి మొదటి మాటకే నేను సరే అన్న బేరం అదొక్కటే. నాకు ఖర్చు లేదు కదా అనుకున్నాను.

మా గల్లీ పెద్ద రోడ్డులో కలిసే మూల మీద సైకిళ్లు బాగుచేసే చాచా కూర్చునేవాడు. మేము దారి మార్చడం చూసి ఒకనాడు నన్ను ఆపాడు. "సేట్, ఈ మూల మీద దుకాణం ఎందుకు పెట్టిన ఎర్కేనా? వంకర చక్రాలు ఈడ్నే దొర్కుతయి." వ్యాపారం తెలిసిన మనిషి అని మెచ్చుకున్నానే గాని, అది నాకే చెబుతున్నాడని తట్టలేదు. దుకాణాల మధ్య పెరిగినవాడికి ఏ మాటైనా ముందు దుకాణం మాటలాగే వినిపిస్తుంది.

పది దినాలు దాటినా ఆ దారినే పోతుండగా చెరుకు బండ్ల కాలం వచ్చింది. ఒక పొద్దున చాచా మూల దగ్గరే ట్రాక్టరు మమ్మల్ని దాటుతుంటే, ట్రాలీ పక్కకు పొడుచుకొచ్చిన చెరుకుగడలు అన్న హ్యాండిలును పట్టుకున్నాయి. కొంతదూరం ఈడ్చుకుపోయి వదిలేశాయి. కుడి మోచేయి ఎటు తిరగకూడదో అటు తిరిగింది. నా మీద దుమ్ము కూడా పడలేదు. చాచా పరుగున వచ్చి, రిక్షాలో అన్నను ఒడిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను వెళ్లలేదు. బస్సు వచ్చే వేళయిందని దుకాణం తెరిచాను.

ఎందుకు తెరిచానో ఇప్పటికీ చెప్పలేను. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఒక అవ్వ లంగా బట్ట అడిగింది. కొలిచాను, గాటు పెట్టాను, లాగాను. బట్ట వంకరగా చిరిగింది. "పెద్దాయన లేడా బిడ్డా?" అని అడిగింది. రేపు వస్తాడన్నాను. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లినప్పుడూ రాలేదు. అన్న కళ్లు తెరిచి మొదట అడిగిన మాట "నీకేం తాకలేదు గద తమ్మీ?" అన్నది. అప్పుడు కూడా రాలేదు.

ఆ మోచేయి మళ్లీ వంగలేదు. అన్న ఒక్కసారైనా నన్ను ఒక మాట అనలేదు. అని ఉంటే, ఆ నిందలో కొంత తగ్గించమని అడిగేవాణ్ణేమో. ఇరవై ఏళ్లకు పైగా ఆయనను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని ఆ పాత గల్లీల గుండానే తొక్కాను. రోడ్డు దాటేచోట ఇద్దరం దిగి నడిచేవాళ్లం. బోణీ ఎదురు దుకాణానికే పోయేది, అయినా మా గిరాకీ మాకు వచ్చేది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అన్న, నేను చింపకుండా కత్తెరతోనే బట్ట కోస్తుంటే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఇప్పుడు అన్న లేడు, చాచా లేడు. లారీలు బైపాసు మీద పోతున్నాయి, ఆ గల్లీల నిండా కార్లు. మనవరాలిని ఏ దారిన పొమ్మనాలో నాకు నిజంగా తెలియక, నిన్న తను మెల్లగా తొక్కుతుంటే పక్కన నడిచి వెళ్లి చూసి వచ్చాను. దాటేచోట దిగమన్నాను. నవ్వుతూనే దిగింది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. సెలవులు పోను, పొద్దున పూట పెద్ద రోడ్డున పోయింది నూరు రోజులు. రోజుకు ఎనిమిది నిమిషాల చొప్పున ఎనిమిది వందల నిమిషాలు, అంటే పదమూడు గంటల ఇరవై నిమిషాలు. మా దుకాణం పొద్దున తెరిచి రాత్రి మూసేదాకా సరిగ్గా అంతే పట్టేది. నాకు మిగిలింది ఒక రోజు. ఇచ్చింది అన్న కుడిచేయి.