మా కొండను కాల్చింది మునెప్పన్న కాదు

ఒక మాట ఇన్నేళ్లుగా నా కడుపులో కూర్చుని ఉంది. అరగదు, బయటికి రాదు. దాన్ని మోస్తూనే పిల్లల్ని పెంచాను, మామిడి తోట కాపు తీశాను, పెళ్లిళ్లలో అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్వడం నా గుణం. తప్పు చేసినవాళ్లు మొహం వేలాడేసుకుని తిరగాలంటారు, నాకది చేతకాలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నా పేరు అడగకండి. బైరకూరు దగ్గర ఒక ఊరు అనుకోండి చాలు. మునెప్పన్న పేరు మాత్రం చెప్తాను. చెప్పాల్సిందే.

అప్పుడు నేను కొత్త కోడలిని. నేను అడుగుపెట్టిన ఏడే వాన మొహం చాటేసింది. మామిడి పిందె రాలిపోతోంది, బోరులో నీళ్లు బురదగా వస్తున్నాయి. నా ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు గానీ, నేను బిందె పట్టుకుని వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఆ ఆగిపోవడమే చాలు కదా?

ఊళ్లో కప్పల పెళ్లి పెట్టుకున్నారు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకోవాలి. రోకలి మోసే పని నాకే ఇచ్చారు. మా అత్త పెదవి విరిచింది.

"కప్పకు పెండ్లి చేస్తే వాన యాడ వస్తాది? కొండ కాల్తే పొగ పైకి పోయి మోడం అవతాది. మా అవ్వ అట్లే చెప్పేది."

ఆమె అన్నదంతే. వెళ్లి కాల్చమని అనలేదు. ఎన్నోసార్లు ఈ తప్పును నెమ్మదిగా ఆమె వైపు జరపాలని చూశాను, ఆమె పోయాక మరీ సులువు కదా అది, అడిగేవాళ్లు లేరు. కానీ కుదరలేదు. అగ్గిపెట్టె నాది. చెయ్యి నాది.

కప్పల పెళ్లి రోజు ఊరంతా పందిరి పనిలో ఉంది. పుల్లలకని కొండకు పోయి, కింది వాలులో ఎండిన బోదగడ్డికి అగ్గిపుల్ల అంటించాను. కొంచెం పొగ వస్తే చాలనుకున్నాను. కొండకు ఆ లెక్క తెలుస్తుందా? గడ్డి భగ్గుమంది. మంట తంగేడు పొదలు దాటి, సీతాఫలం చెట్లు దాటి, పైన జాలరి చెట్ల దాకా పోయింది. కౌజు పిట్టలు గుంపుగా లేచాయి. భయపడ్డాను. అంతకు ముందు ఇంకొకటి కూడా చేశాను, అబద్ధం చెప్పను. ఆ పొగ నల్లగా, లావుగా ఆకాశానికి ఎక్కుతుంటే మోడం పుడుతోంది, మబ్బు కమ్ముతోంది అనుకుని చప్పట్లు కొట్టాను.

తర్వాత పరుగున వచ్చి, పొగ వాసన కొడుతున్న చేతులతోనే కప్పను మోశాను.

మరునాడు వాన దంచింది! మామిడి నిలబడింది, దుక్కులు తడిశాయి. ముసలివాళ్లు కూడా వీధిలో తడుస్తూ గంతులేశారు. కోడలి కాలు మంచిదన్నారు, చెయ్యి చల్లనిదన్నారు, కప్పను మోసినందుకు నాకు బొబ్బట్లు తినిపించారు. నేనూ గంతులేశాను. అంత సంతోషంగా నా పెళ్లిలో కూడా లేను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాన తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, ఏం చెయ్యను?

వాన వెలిశాక అడవి గార్డు వచ్చాడు. కొండలో మేకలు మేపేది మునెప్పన్న ఒక్కడే. బీడీ తాగేదీ ఆయనే. ఊరు ఆయన వైపు వేలు చూపించింది. ఆయన అందరి ముందూ నన్ను పిలిచాడు.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు పుల్లలకు వచ్చింటివి గదా. నేను బీడీ పారేసింది చూసినావా? నువ్వన్నా చెప్పమ్మా."

"నేనేం చూడలేదన్నా" అన్నాను.

అది నిజమే. ఆయన పారెయ్యలేదు, నేను చూడలేదు. ఇంత నిజమైన మాటతో ఇంత పెద్ద అబద్ధం ఆడొచ్చని ఆ రోజే తెలిసింది. నాకు కొత్తగా దక్కిన ఆ మంచి పేరు కోసం ఒక మనిషిని అలా వదిలేశాను. ఆయన్ని కొండ ఎక్కనివ్వలేదు. మేకలు అమ్ముకున్నాడు. ఒక సీమావును తెచ్చుకుని డెయిరీకి పాలు పోస్తూ బతికాడు. కొండ మళ్లీ పచ్చబడింది. ఆయన దాని వైపు చూడటం నేను చూడలేదు, లేదా చూడకుండా నేనే తల తిప్పుకున్నానేమో.

మొన్న మా అన్న కూతురు వచ్చింది. కోలారులో చదువుతోంది. అడవులు కాలి ఏ ఏడు ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో లెక్కకట్టడం దాని పని. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో మన కొండలన్నీ కంప్యూటర్‌లో చూపించింది. ఒక్కో ఏటికి ఒక్కో బొమ్మ. ఒక ఏట మా కొండ మీద నల్లటి మచ్చ.

"ఆ ఏడు ఈ పక్కంతటికీ ఇదే ఎక్కువ కాలిందత్తా. ఈ పొగలో ఉండే గ్యాస్ వానలో కడుక్కొని పోయేది కాదు. ఏండ్లకేండ్లు పైనే ఉండి భూమిని వేడి చేస్తాది. మేకలోళ్ల బీడీ అంట గదా? అట్లే రాసేదా?"

మోడం అవుతుందని నేను పంపింది ఇంకా పైనే ఉందా! నవ్వొచ్చింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. ఊళ్లో నలుగురి నోళ్లలో ఉన్న మాట వేరు, చదువుకున్న పిల్ల అచ్చులో వేసే మాట వేరు. నేనిప్పుడు నోరు మూసుకుంటే మునెప్పన్న ఎప్పటికీ దోషే.

"రాయొద్దు. ముట్టించింది నేను" అన్నాను.

అది కంప్యూటర్ మూసి నా వైపు తిరిగింది. "ఆయనకు చెప్పినావా?" అంది.

ఈ పొద్దున డెయిరీ దగ్గర చెప్పాను. క్యాన్లు పట్టుకుని సగం ఊరు వరుసలో ఉంది. కొండను కాల్చింది నేనని, వాన కోసమని, మునెప్పన్న బీడీ పడలేదని గట్టిగా చెప్పాను. ఎగతాళి అనుకుని ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. మునెప్పన్న పాలు పోస్తున్న చెయ్యి ఆపాడు.

"అందరి ముందరా అడిగితిని గదమ్మా" అన్నాడు.

"అడిగినావన్నా."

ఆయన మిగతా పాలు పోశాడు. వరుసలో ఉన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ, క్యాను తీసుకుని తల ఎత్తుకుని నడిచిపోయాడు. నా మొహం ఒక్కటే చూడలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇంటికొచ్చి కడుపునిండా సంగటి తిన్నాను. పట్టపగలు చిన్నపిల్లలా నిద్రపోయాను. లేచినప్పటి నుంచి సంతోషంగా ఉంది. ఆయన బాధ తీరలేదే, నాకు సంతోషం ఎలా వచ్చింది? ఇదీ తప్పేనేమో. తప్పైతే కానీ. దీన్ని మాత్రం దాచను.