మామ విల్లు, ఆయన చెయ్యి

మాది దూదేకుల ఇల్లు. చలికాలం మొదలయ్యిందంటే మా ఆయన విల్లు భుజాన వేసుకుని హాలియా చుట్టుపక్కల ఊళ్ళకు బయలుదేరేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ అరుగు మీద కూర్చుని, పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి పొగలాగా లేపేవాడు. దాన్ని మళ్ళీ నింపి కుట్టడం నా పని.

మా విల్లు బాణాలు వేసేది కాదు. మనిషెత్తు కర్ర, ఒక కొసకు చేటంత పలక, ఆ కొస నుంచి ఈ కొసకు మేక పేగుతో చేసిన నరం. ఎడమ చేత్తో విల్లును దూది మీద పట్టుకుని, కుడి చేతిలోని కొయ్యతో నరాన్ని కొట్టాలి. నరం అదిరితే దూది విడిపోతుంది. పొద్దంతా బరువు ఎడమ చెయ్యి మీదనే.

ఆ విల్లు మా మామ చేసుకున్నది. మామ పొడగరి అని చెప్పేవాళ్ళు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన పోయాడు, విల్లు మిగిలింది. మా ఆయన దానితోనే ఇరవై ఏళ్ళు పని చేశాడు. కొత్తది చేసుకుంటానని రెండు మూడుసార్లు అన్నాడు. ఇంట్లో ఉన్నదాన్ని పక్కన పడేసి కొత్తది చెయ్యడం నాకు గిట్టదు. "మీ నాయిన గిదే మోసిండు గదా, నీకేం బరువైంది?" అన్నాను ఒకసారి, పిల్లల ముందే. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

ఎనభైల్లో ఒక ఏడాది, కాలువ కింద వరికోతలు అయిపోయిన రోజుల్లో, పలక కర్రను కలిసే చోట పగులు పట్టింది. నేనే బాగు చేశాను. తోలుపట్టీని నానబెట్టి, పగులు చుట్టూ లాగి లాగి చుట్టి ఎండలో పెట్టాను. ఎండినకొద్దీ అది బిగుసుకుపోయింది. ఇంకా గట్టిగా ఉండాలని పైన మరో చుట్టు వేశాను. కర్రపని చేసే వడ్లాయన చూసి, తను కట్టినా ఇంతకంటే బాగా రాదన్నాడు. ఆ మాట నేను నలుగురికి చెప్పుకున్నాను.

పది రోజులకు మా ఆయన ఎడమ చెయ్యి లేవలేదు. పొద్దున చొక్కా తొడుక్కోబోయి, సగం ఎక్కించుకుని అట్లాగే నిలబడిపోయాడు. నేను వెళ్ళి తొడిగాను. దవాఖానలో బిళ్ళలిచ్చి, ఇట్లాగే పని చేస్తే ఆ చెయ్యి ఇక పనికి రాదన్నారు. నలభై దాటిన మనిషి, ఇంకో పని రాదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏకడానికి పిలవడానికి వచ్చిన వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి నేనే పంపాను.

ఇన్నేళ్ళూ మోసిన విల్లు ఇప్పుడెందుకు చెయ్యి పడగొట్టిందో నాకు అంతుబట్టలేదు. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే దాన్ని ముందు వేసుకున్నాను. పట్టుకునే చోట చుట్టిన గుడ్డ జిడ్డుగా ఉంది, ఉతుకుదామని విప్పాను. కింద కర్రలో రెండు గుంటలు పడి ఉన్నాయి. ఒకటి లోతుగా, నున్నగా ఉంది. అది మామ పట్టు. దానికి జానెడు వెనక ఇంకొకటి, మా ఆయనది.

మామ గుంటలో పట్టుకుంటే విల్లు తక్కెడలాగా సమంగా నిలిచింది. కానీ అక్కడి నుంచి నరాన్ని కొట్టబోతే కుడి చెయ్యి అందలేదు. మా ఆయన నాకంటే నాలుగు వేళ్ళే ఎత్తు, ఆయనకూ అందదు. వెనక గుంటలో పట్టుకుంటే చెయ్యి అందింది, పలక మాత్రం ముందుకు గుంజింది. ఇరవై దెబ్బలు కొట్టకముందే నా భుజం వణికింది. సరిగ్గా ఆ పలక దగ్గరే నేను రెండు చుట్ల తోలు వేసి ఇంకా బరువు పెంచాను.

ఆయన లేచేదాకా అక్కడే కూర్చుని, లేవగానే అడిగాను. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్పిన గదా. పిల్లల ముందట నువ్వేమన్నవో యాది లేదా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

పాత కప్పు విప్పినప్పటి టేకు వాసాలు రెండు అటక మీద ఉండేవి, ఎప్పటికైనా తలుపు చేయిద్దామని. ఒకటి దింపి ఆయన ముందు వేశాను. వడ్లాయన దగ్గర బాడిశ, రంపం అడిగి తెచ్చాను. మా ఆయన కూర్చుని కుడి చెయ్యి చాపి, వాసం మీద బొగ్గుతో గీత గీశాడు.

"ఇంకో జానెడు ఉంచు. రేపు పిలగానికి పనికొస్తది" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

"వానిది వాడు చేసుకుంటడు. ఇది నా చెయ్యికి చేసుకుంటున్న" అన్నాడు.

వాసం కదలకుండా నేను కాలు పెట్టి నిలబడ్డాను. ఆయన గీత మీదనే కోశాడు.

తర్వాత నాలుగు రోజులు చెక్కాడు. నాలుగు పేళ్ళు తియ్యడం, వేలి మీద నిలబెట్టి ఎటు వాలుతుందో చూడడం, మళ్ళీ తియ్యడం. పలక కూడా చిన్నది పెట్టాడు. చివరికి గాజుపెంకుతో గీకి నునుపు చేసి, పాత నరాన్నే కోసి బిగించాడు.

చెయ్యి కాస్త కుదురుకున్నాక మా సొంత పరుపుతోనే మొదలుపెట్టాడు. నరం మోత సన్నగా వినిపించింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాకా లేచింది, విల్లు పట్టడానికి అంత చాలు. సగం దూది ఏకి, భుజం ఇక చాలంటోందని విల్లు కింద పెట్టాడు. మొదలుపెట్టిన పని సగంలో వదిలితే నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం ఏకినంత దూది పరుపు సంచిలో నింపి, మూతి రేపటికి తెరిచి ఉంచి, పక్కలు కుడుతూ కూర్చున్నాను.