మట్టిలో దొరికిన నాడా

ప్రత్తిపాడులో ఎద్దులకు నాడాలు కొట్టే బుడాన్‌కు తన పనితనం మీద అపారమైన నమ్మకం. ఎద్దును తాళ్ళతో పడేసి, కాళ్ళు కట్టి, గిట్టలకు ఇనుప నాడాలు మేకులతో బిగించేవాడు. ప్రతి నాడా అంచునా ఉలితో ఒక గాటు పెట్టేవాడు. "నేను కొట్టింది అరగాల్సిందేగానీ ఊడదు" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో పాత బండ్ల బాటను తవ్వి తారురోడ్డు వేయడం మొదలైంది. మట్టి తోలే ఎద్దులు నలభై జతలు. వాటికి నాడాలు కొట్టే పని కోసం చిలకలూరిపేట నుంచి గౌస్ బాషా కూడా వచ్చాడు. పని ఎవరికివ్వాలో మేస్త్రి పిచ్చయ్యకు తేలలేదు.

బుడానే తేల్చాడు. "మేస్త్రి గారూ, ఇరవై ఏళ్ళుగా మా ఊరి ఎద్దులన్నీ ఈ బాటనే నడిచినయ్యి. తవ్విపోసిన మట్టి అదుగో. నేను కొట్టిన నాడా ఒక్కటి దొరికినా పని ఈయనకే ఇచ్చెయ్యండి."

"నిన్నెవరడిగారయ్యా?" అంది అతని భార్య సైదాబీ.

లారీ షెడ్డులో అడిగి తెచ్చుకున్న పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి, బుడాన్ మట్టికుప్పల మీద ఈడ్చడం మొదలుపెట్టాడు. మిరపచేలో పని వదిలేసి వచ్చిన వెంకయ్య గట్టిగా అరిచాడు.

"ఒరేయ్ బుడాన్, బంగారం తగిలితే చెప్పరా!"

"బంగారం దీనికి అంటుకోదు బాబాయ్."

"మరెందుకురా అది?"

మేకులు వచ్చాయి, విరిగిన కొడవలి వచ్చింది. మధ్యాహ్నానికి పదకొండు నాడాలు దొరికాయి. ఒక్కదానికీ గాటు లేదు. బుడాన్ ఒక్కోదాన్నీ ఎత్తి జనానికి చూపించాడు.

పన్నెండోదాని అంచును తుప్పు తినేసింది. మేస్త్రి గోటితో గీకి చూశాడు. "గాటు కనపడట్లా. ఎవడు చేశాడోగానీ మొనగాడయ్యా! ఆ వంపు చూడు, మేకు తలలు ఎంత సమంగా కూర్చున్నాయో. పేటవాళ్ళ పనే అయ్యుంటది."

"మా నాయనదే అయ్యుంటదండీ" అన్నాడు గౌస్ బాషా వినయంగా.

బుడాన్ నోరు తెరిచాడు. సైదాబీ అతనివైపు ఉరిమి చూసింది. మూసుకున్నాడు. తాడు చేతికి చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు.

"మీ నాయనదా?" అన్నాడు చివరికి. "మీ నాయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క మేకన్నా ఇంత ఏటవాలుగా దించాడా? ఇది నాది! నా చేత్తో కొట్టింది!"



"అయితే ఊడిందన్నమాట" అన్నాడు వెంకయ్య.

పని గౌస్ బాషాకే దక్కింది. సైదాబీ ఆ పూట మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండునని బుడాన్‌కు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే, ఊరికే చూసిపోదామని రోడ్డు దగ్గరికి వెళ్ళాడు. గౌస్ బాషా మొదటి ఎద్దుకు నాడా కొడుతుంటే, "ఆ మేకు వంకర" అన్నాడు. రెండో ఎద్దు దగ్గర కూచుని, మేస్త్రికి వినపడేలా నిట్టూర్చాడు. మూడో ఎద్దును పడేసేసరికి సుత్తి బుడాన్ చేతిలో ఉంది. గౌస్ బాషా ఎద్దు కాళ్ళు పట్టుకున్నాడు.