సారు వద్దన్న గరుకు రబ్బరు

నిన్న మా అబ్బాయి తను గీస్తున్న రోబో వీరుడికి చెయ్యి కుదరక బరబరా తుడుస్తుంటే రబ్బరు పొట్టు వాసన వచ్చింది. నేను వెంటనే ఆ కాగితం లాక్కుని, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. వాడు బిత్తరపోయాడు. ఈ రోగం నాకు సిరిసిల్లలో బొమ్మలు నేర్పిన హకీం సారు అంటించారు.

సారు ఎవరినీ నమ్మేవారు కాదు. మరమగ్గంలో దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడెలనే చేతులుగా పెట్టి నేనొక రోబో కామిక్ మొదలుపెడితే, "ఏడ చూసి దించినవ్ బేటీ?" అన్నారు. సొంతంగా గీశానన్నా వినక, అందరి ముందూ మళ్లీ గీయించారు. ఆ అవమానానికి ఇంటికెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను. ఇక రబ్బర్ల దగ్గర ఆయన చాదస్తం చెప్పనక్కర్లేదు. పెన్సిలుకు మెత్తటి తెల్ల రబ్బరే వాడాలి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు ముట్టుకుంటే మండిపడేవారు.

"గది గీతను తియ్యది, కాయితం తోలు తీస్తది. వెలుగుకు పట్టి చూడు, నూగు లేస్తది. సౌదీ పోయేటప్పుడు నేను గట్ల చూడలే. కాయితంల అసలు పని చెరిపి పెయింటర్ అని రాసిండ్రు. ఆడికి పోతే గొర్లు కాయమన్నరు."

ఆ ఏడే మగ్గాలు ఆగిపోయి, మేం బాపు అని పిలిచే మా నాన్నకు పని పోయింది. కోరుట్ల ఏజెంటు బాపుకు దుబాయి ఒప్పంద కాగితం తెచ్చిచ్చాడు. బట్టల మిల్లులో పని అని ఇంకుతో రాసి ఉంది. చాలా నెలల తర్వాత ఆ రోజు బాపు నవ్వాడు. ఆయన స్నానానికి వెళ్లగానే నేను కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకున్నాను. సరిగ్గా పని పేరు రాసిన చోట నూగు లేచి ఉంది.

ఆ క్షణమే బాపుకు చెప్పాల్సింది. చెప్పలేదు. సారుకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు, నన్నూ అలాగే చూశారు కదా, ఆ పిచ్చే నాకూ పట్టిందేమో అనుకున్నాను. ఆయన మీద కోపంతో నా కళ్లను నేనే నమ్మలేదు. కాగితం మడిచి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

బాపు మూడేళ్లకు తిరిగొచ్చాడు. ఎడారిలో ఒంటెలు కాశాడట. "కాయితంల గట్ల లేకుండె బిడ్డా" అన్నాడు, అంతే. తర్వాత సంచిలో వెతికి నాకోసం తెచ్చిన తెల్ల రబ్బరు చేతిలో పెట్టాడు.

"మంచిదేనా? మీ సారుకు చూపెట్టు."

సారు అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయారు. ఇప్పుడు నా ముందుకు ఏ కాగితం వచ్చినా వెలుతురుకు పట్టందే సంతకం పెట్టను. బాపు ఇచ్చిన రబ్బరు మాత్రం కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉంది. ఆ రోజు కిటికీ దగ్గర నేను ఆ నూగు చూశానని బాపుకు ఇప్పటికీ తెలియదు.