పూడ్చిన గుంట

బరంపురంలో ఒక నేతకారుడి పాత ఇంటికి విలువ కట్టడానికి వెళ్లి, ఆ విలువను సిమెంటుతో కప్పెట్టించి వచ్చిన తెలివి నాది. కాపాడదగ్గ పాత ఇళ్లను గుర్తించే సర్వే పని నాది. గుమ్మం మీది చెక్కడాలు చూస్తూ లోపలికి నడిచి, గది మధ్యలో ఉన్న గుంటలో పడ్డాను. లేచి, బట్టలతో పాటు పరువూ దులుపుకుని, “దీన్ని పూడ్పించెయ్యండి తాతా” అని ఆ ముసలి నేతకారుడితో అన్నాను.

పొలసరలో పని చూసుకుని వారానికి తిరిగి వచ్చేసరికి గచ్చు నున్నగా ఉంది. మగ్గం ఎక్కడ ఉండేదని అప్పుడు అడిగాను.

“ఆ గుంటమీదే బాబూ. కాళ్ళు అందులో ఎట్టుకుని నేసీవోణ్ణి,” అన్నాడు తాత.

“మగ్గం అమ్మేసినా ఈ ముసిలోడు రోజూ అందులోనే కూకునీవోడు,” అంది ఆయన భార్య. “ఇప్పుడు కాళ్ళెక్కడ ఎట్టుకోవాలో తెలీక ఇల్లంతా తిరగతన్నాడు.”

“అప్పుడే చెప్పొచ్చు కదా తాతా?”

“ఇంటి ఇలువ తెలిసినోరు మీరు. నానేటి సెప్తాను?”

సర్వే కాగితంలో ‘ఇంటికి నష్టం కలిగించినవి’ అని ఒక గడి ఉంటుంది. మిగతా ఇళ్లకు అందులో చెదలు, తుఫాను అని రాశాను. ఈ ఇంటికి మాత్రం నా పేరు, ఇంటిపేరుతో సహా రాసి, కింద సంతకం చేశాను.