కన్నమ్మ నడుస్తోందా: దుమ్ముగూడెం అడవిలో ఒక ఉదయం

భద్రాచలం దాటితే సెల్‌ఫోన్ సిగ్నల్ పోయే రోజులవి. ఖమ్మం జిల్లాలో పిల్లల నరాల జబ్బులు ఎక్కడ, ఎవరికి, ఏ కాలంలో వస్తున్నాయో ఆసుపత్రి డాక్టరుగా నేను లెక్క తీస్తున్నాను. జ్వరం తగ్గాక కొందరు పిల్లలకు ఒంట్లోని రక్షణ శక్తే పొరబడి, మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టన్నమాట. ఎక్కువమంది కోలుకుంటారు, కొందరికి తిరగబెడుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక ఏమైందో వెళ్లి చూస్తే తప్ప తెలియదు. అడవి వైపు పిల్లల సంగతి మాకు తెలిసేది కాదు. వాళ్లలో ఏడేళ్ల కన్నమ్మ నా మనసులోంచి పోలేదు. వాళ్ల నాన్న భుజాన వేసుకుని తీసుకెళ్లిన రోజు ఆ పిల్ల నిలబడలేకపోయింది. వేసవి మొదట్లో రెండు రోజులు సెలవు దొరగ్గానే సంబరంగా బ్యాగు సర్దేశాను.

ఖమ్మంలో మధ్యాహ్నం బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరేసరికి పొద్దుపోయింది. బస్టాండు దగ్గర చవక లాడ్జిలో పడుకున్నానే కానీ, రేపు ఏం చూస్తానోనన్న ఆత్రంతో నిద్ర పడితేగా. తెల్లవారకముందే కిరాయి జీపు వచ్చింది. డ్రైవర్ ఏసోబు నన్ను ఎగాదిగా చూసి, "దుమ్ముగూడెం దాటినంక రోడ్డు గిట్ల ఉండది మేడం. నడుము గట్టిగనే ఉందా?" అన్నాడు. ఉందని గొప్పగా చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ మాట ఎత్తలేదు.

దుమ్ముగూడెం దాటి కన్నమ్మ వాళ్ల ఊరు చేరాం. కన్నమ్మ ఇంటికి తడిక కట్టేసి ఉంది, పొయ్యి చల్లగా ఉంది. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. ఆలస్యంగా వచ్చానేమో, పిల్ల ఇక లేదేమో అనిపించింది.

"పరేషాన్ గాకుండ్రి. ఇప్పపూలు రాలుతున్నయ్ గద, ఊరంత అడవిలనే ఉంటది," అన్నాడు ఏసోబు.

కాస్త దూరం నడవగానే తీయటి వాసన, చెట్ల కింద ఆడవాళ్లు, పిల్లలు, బుట్టలు. వాళ్ల మధ్య కన్నమ్మ! గొంతుక్కూర్చుని పూలేరుతోంది, లేస్తోంది, పక్క చెట్టు దగ్గరికి పోయి మళ్లీ కూర్చుంటోంది. చేయి ఆనించకుండా లేవమని మేం ఆసుపత్రిలో ఎంత బతిమాలినా చేతకానిది, ఇక్కడ ఎవరూ అడక్కుండానే చేస్తోంది. ఎడమ పాదం మాత్రం కొంచెం ఈడుస్తోంది.

"నడుస్తుందా అమ్మా?" అని వాళ్లమ్మను అడిగాను, కళ్లెదుటే కనిపిస్తున్నా.

"గట్ల అడుగుతవేంది డాక్టరమ్మా? పొద్దుగాల్నుంచి దీన్ని ఆపలేక చస్తున్న," అందామె.

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పిల్లకు చూపు మసకబారినా, కాళ్లు మళ్లీ పట్టు తప్పినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని వాళ్లమ్మకు చెప్పాను. "అవ్, జల్దీ తీస్కొస్త," అంది. కన్నమ్మ నా దోసిట్లో పూలు పోసి పరుగెత్తింది.

ఇంటికెళ్లిన పిల్లల సంగతి తెలియదు అన్నప్పుడల్లా మేం చెడ్డదే ఊహించుకున్నాం. కన్నమ్మ ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ ఇక్కడే ఉంది. రానిది మేమే. అందరి కబురూ ఇంత బాగుండదని తెలుసు, అయినా ఇంకో ఊరికి వెళ్లాలని అప్పుడే ఆరాటం మొదలైంది. మీరూ ఇలాంటి పని మీద ఇప్పపూల కాలంలో వెళ్తుంటే, ఎండ ముదరకముందే చేరుకోండి. ఇల్లు మూసి ఉంటే నాలా హడలిపోకుండా చెట్ల కిందికి వెళ్లి చూడండి.